ఖాళీ పైపు

ఆ ఇంటిని వీధిలో అందరూ ఇనుపకొంప అనేవాళ్లు. కట్టినవాడికి అది తిట్టులా కాక బిరుదులా వినపడేది. కింద గ్రిల్లులూ గేట్లూ చేసే వర్క్‌షాపు, దాని మీద మూడంతస్తులు. మెట్ల మలుపు మలుపుకీ ఇనుప రేకు తలుపు. కిటికీ కిటికీకీ చెయ్యి దూరని గ్రిల్లు. శ్లాబుల్లో ఇంజనీరు వేయమన్నదానికి రెట్టింపు ఊచ. "భూకంపం వచ్చినా నా ఇంటి ముందు చెప్పులు విప్పి నిలబడాల్సిందే" అని ఆ ఇంటాయన, వైర్‌మన్ బావ, చెప్పుకునేవాడు. భూకంపం సంగతి ఎవరూ చూడలేదు గానీ, కింద షాపులో పెట్టిన వైఫై మాత్రం ఆ ఇంటి మెట్లెక్కలేక చతికిలబడింది.

ఆదివారం పొద్దున వైర్‌మన్ స్కూటరు ఆపి సంచీ, పనిముట్ల పెట్టె దించేసరికి అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది.

"తమ్ముడూ, ఈ ఒక్కసారికి మీ బావ ఏమన్నా చెవిన పెట్టకు. పిల్ల మూడ్రోజుల్నించీ సరిగ్గా అన్నం తినట్లేదు."

"ఆయన ఏమీ అనకపోతేనే నాకు భయమక్కా, ఒంట్లో బాలేదేమోనని."

పిల్ల అంటే వైర్‌మన్ చిన్న మేనకోడలు. మూడో అంతస్తులో ఉన్న ఒంటి గదిలో కూర్చుని, ఎక్కడెక్కడి పిల్లలకో వీడియోలో లెక్కలు చెబుతుంది. కిందైతే గ్రైండింగు మిషను అరుపు. మొదటి అంతస్తులో టీవీ. రెండో అంతస్తులో పిల్ల వాళ్లక్క కాపురం, ఏడాది నిండని చంటిది. మిగిలింది పైగది. అక్కడ గోడకి నల్లరంగు వేసి బోర్డు చేసుకుంది, కెమెరా బిగించుకుంది, దీపాలు అమర్చుకుంది. అన్నీ కుదిరాయి, నెట్ ఒక్కటే కుదరలేదు. శుక్రవారం పాఠం మధ్యలో మూడుసార్లు ఆగిపోయింది. భిన్నాల కూడిక చెబుతున్న టీచరు నోరు తెరిచిన బొమ్మలా తెర మీద నిలిచిపోతే, పిల్లలు దాన్ని ఫోటో తీసి పంచుకున్నారట. శనివారం కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. సోమవారం పదింటి పాఠం మొదలు వారమంతా ఒక పెద్దావిడ కూర్చుని చూస్తుంది, ఇంకొక్కసారి ఆగితే ఇక పాఠానికి రానక్కర్లేదు అని.

ఎనిమిది నెలలు పరీక్షల మీద పరీక్షలు రాసి తెచ్చుకున్న ఉద్యోగం. అది పోతే చదువు తక్కువై కాదు, తీగ తక్కువై.

మరి వైర్‌మన్‌ని శుక్రవారమే ఎందుకు పిలవలేదంటే, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కనుక. ఈ ఇంటికి ప్రతి బల్బూ ప్రతి స్విచ్చీ బిగించింది అతనే. అయినా నెట్ అనేసరికి అది చదువుకున్నవాళ్ల వ్యవహారం అయిపోయింది. చదువుకున్నవాడు ఇంట్లోనే ఉన్నాడు, పెద్దల్లుడు. కంప్యూటరు ఉద్యోగం, మెడలో తాడుకి వేలాడే కార్డు, నెమ్మదైన మాట. ఆయన ఆర్డరు పెట్టి రెండు తెల్ల పెట్టెలు తెప్పించాడు. సిగ్నలు అందుకుని ముందుకు నెట్టే పెట్టెలవి. ఒకటి రెండో అంతస్తులో, ఒకటి మూడో అంతస్తులో పిల్ల బల్ల మీదే పెట్టాడు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన మేనమామ వాటి ముందు ఏం మాట్లాడతాడని అందరూ అనుకున్నారు. అలా అనుకున్న సంగతి వైర్‌మన్‌కి ఎవరూ చెప్పలేదు. అలాంటివి చెప్పకుండానే తెలిసిపోతాయి, ముప్ఫయ్యేళ్లుగా జనం ఇళ్లలో వెనక గుమ్మం నుంచి లోపలికి వెళ్లేవాడికి.

బావ షాపులో ముక్కాలిపీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"రావయ్యా ఖాళీ పైపూ! అల్లుడు గారి వల్ల కానిది నీ వల్ల అవుతుందట. మీ అక్క చెబుతోంది."

"అంగట్లో అన్నీ ఉన్నా..." అని వైర్‌మన్ మొదలుపెట్టాడో లేదో, అక్క చేత్తో నోరు మూసినంత పని చేసింది. ఆ సామెత మిగతా సగంలో అల్లుడు ఉంటాడు, అల్లుడేమో అప్పుడే మెట్లు దిగుతున్నాడు.

అల్లుడు మర్యాదస్తుడే, అది ఒప్పుకోవాలి. చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి తను చేసిందంతా చూపించాడు.

"చూడండి చిన్న మావయ్య గారూ, ఫోనులో గీతలు నిండుగా ఉన్నాయి. కానీ ఒక్క పేజీ తెరుచుకోదు. నాకూ అంతుపట్టట్లేదు."

వైర్‌మన్ ఫోను చూశాడు, పెట్టె చూశాడు, మూసి ఉన్న ఇనుప తలుపు చూశాడు.

"ఆ గీతలు మీ ఫోనుకీ ఈ పెట్టెకీ మధ్య స్నేహం అల్లుడు గారూ. పెట్టెకి ఎవరితో స్నేహం? దానికి కిందనించి ఏమైనా అందితేగా ఇది ముందుకిచ్చేది. ఎండిపోయిన బావి గట్టున మోటారు బిగించి కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమొస్తుంది?"

అల్లుడు ఒక్క క్షణం ఆలోచించి, "అంటే దీన్ని సగం దారిలో, సిగ్నలు బాగా ఉన్న చోట పెట్టాలి" అన్నాడు.

"మామూలు ఇల్లయితే అంతే. రండి, ఇక్కడ సగం దారి ఎక్కడుందో చూద్దాం."

ఫోను చేత్తో పట్టుకుని ఇద్దరూ కింది నుంచి నడిచారు. షాపులో నాలుగు గీతలు. మొదటి అంతస్తు మలుపులో మూడు. వైర్‌మన్ అక్కడి ఇనుప తలుపు లాగి మూశాడు, ఒకటి. తెరిచాడు, మూడు. మళ్లీ మూశాడు, ఒకటి. వెనకే వచ్చిన బావ మొహం కూడా ఆ తలుపుతోపాటే మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది.

"ఏంటిరా, నా తలుపులతో ఆటలా?"

"ఆట కాదు బావా. నీ ఇల్లు దొంగని రానివ్వదు, భూకంపాన్ని రానివ్వదు, దీన్నీ రానివ్వదు. దానికి వీళ్లలో ఎవరు చుట్టమో తెలియదు కదా."

"నా ఇనుముని ఏమన్నా అంటే ఊరుకోను."

"ఇనుముని అనట్లేదు. గాలిలో పంపాలనుకోవడాన్ని అంటున్నాను. మూడో అంతస్తు దాకా తీగే వెళ్లాలి. పైన ఆ తెల్ల పెట్టె తీగ కొసన కూర్చుంటే, ఆ గది దాని రాజ్యం."

తీగ ఏ దారిన వెళ్లాలన్నదే ప్రశ్న. బయటి నుంచి లాగుదామంటే ముందు వైపు బావ ప్రాణంలా అతికించుకున్న రాయి పలకలు, రెండు పక్కలా వేలు సందు లేకుండా పక్కిళ్లు, వెనకా అంతే. మెట్ల మీదుగా లాగితే ప్రతి ఇనుప తలుపూ రోజుకి ఇరవైసార్లు దాన్ని కొరుకుతుంది. కరెంటు పైపులో తోయడం కుదరదు. ఆ తీగ పక్కన ఈ తీగ పెడితే రెండింటికీ పడదు.

"నెట్ వాళ్లని అడిగితే పైకి వేరే లైను ఇవ్వడానికి పది రోజులు అన్నారు" అంది మేనకోడలు. మూడో అంతస్తు నుంచి దిగి మెట్ల మీద కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. "పది రోజులయ్యాక నాకెందుకది, మామయ్యా?"

"సోమవారానికి కిందికొచ్చి చెప్పుకోరాదే?" అంది అక్క.

"వారమంతా చూస్తారమ్మా. బోర్డూ లైట్లూ మోసుకుని ఎక్కడికి దిగను? నాన్న మిషను పక్కకా?"

వైర్‌మన్ సంచీ కింద పెట్టి, చాలా మామూలుగా, నిన్న సాయంత్రం నుంచీ నాలుక కొసన పెట్టుకున్న మాట అన్నాడు.

"నా పైపుంది కదా."

బావ నవ్వు షాపులో ఇనుప రేకు జారిపడ్డట్టు మెట్లంతా దొర్లింది.

ఆ పైపు కథ ఆ ఇంటి వయసుదే, పద్దెనిమిదేళ్లది. వైర్‌మన్‌కి పని నేర్పిన గురువు ఒక అలవాటు పెట్టాడు. ఇల్లు కడుతున్నప్పుడు కావలసిన పైపులన్నీ వేశాక, కింది నుంచి పైదాకా ఇంకొకటి ఖాళీగా వెయ్యి. అందులో ఒక తాడు వదిలెయ్యి. ఎందుకని అడగకు, రేపు ఏమొస్తుందో నీకూ నాకూ తెలియదు, పైపుకి తెలుస్తుంది. వైర్‌మన్ ఈ ఇంటికీ అలాగే వేశాడు, అంగుళం పైపు, అంతస్తుకో పెట్టె. అప్పుడు బావ వచ్చి, ఇందులో ఏం వెళుతుంది అని అడిగాడు. వైర్‌మన్ ఉన్నమాట చెప్పాడు, "తెలియదు" అని. కూలీలందరి ముందూ బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజు మొదలు అతని పేరు ఖాళీ పైపు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఆఖరికి వైర్‌మన్ కూతురి పెళ్లిచూపుల్లో కూడా, "వీడు మా ఖాళీ పైపు" అనే పరిచయం.

"నవ్వు బావా, నవ్వు. పద్దెనిమిదేళ్లు నవ్వావు, ఇంకో గంట నవ్వు."

షాపులో క్యాలెండరు తీస్తే వెనక తెల్ల ప్లేటు. రెండు మరలు విప్పితే నల్లటి రంధ్రం. మొదటి అంతస్తులో టీవీ వెనక ఇంకో ప్లేటు. పై గదిలో పిల్ల బల్ల కింద ఇంకొకటి. చూస్తూ చూస్తూ అల్లుడి మొహం వెలిగింది.

"చిన్న మావయ్య గారూ, ఇది బంగారం! కొత్త ఇళ్లకి ఇప్పుడు దీన్ని ప్రత్యేకంగా గీయించి వేయిస్తున్నారు. మీరు అప్పుడే ఎలా ఆలోచించారు?"

"ఆలోచించలేదు. చెప్పినట్టు చేశాను. చదువుకోనివాడికి ఉన్న సుఖం అదొక్కటే, పెద్దవాడు చెప్పింది మధ్యలో తెగ్గొట్టకుండా వింటాడు" అన్నాడు వైర్‌మన్. కానీ లోపల మాత్రం ఛాతీ సంచీ కంటే ఎక్కువ ఉబ్బింది.

పైపుల్లో దూర్చే ఉక్కు స్ప్రింగు తీసి షాపులో నుంచి తోశాడు. సర్రుమని మొదటి అంతస్తులో తేలింది. అక్క చప్పట్లు కొట్టింది. మొదటి అంతస్తు నుంచి పైకి తోశాడు. వెళ్లింది, వెళ్లింది, ఆగింది. వెనక్కి లాగి తిప్పి తోశాడు. ఆగింది. మూడో అంతస్తుకి వెళ్లి కిందికి తోశాడు. అటు నుంచీ వెళ్లి, ఆగింది.

స్ప్రింగు మీద ఆగిన చోట గుర్తు పెట్టి, బయటికి లాగి, టేపుతో కొలిచాడు. రెండు కొలతలూ ఒక్కచోటే కలుసుకున్నాయి. రెండో అంతస్తు, మెట్ల మలుపు. అక్కడ ఉండాల్సిన నాలుగో పెట్టె ఎక్కడా కనపడట్లేదు. గోడ నున్నగా ఉంది, దాని మీద అల్లుడు కాపురానికి వచ్చినప్పుడు బావ అతికించిన మెరుపు పలకలు.

వైర్‌మన్ ఆ పలకల ముందు నిలబడ్డాడు. పైపు ఎక్కడ మూసుకుందో మాత్రమే కాదు, ఎలా మూసుకుందో కూడా గుర్తొచ్చింది.

ఆ పనిరోజుల్లోనే ఒకనాడు బావ ఇంకో మాట కూడా అన్నాడు. ఖాళీ పైపు అన్నందుకు కాదు, ఆ రెండో మాటకి వైర్‌మన్ పనిముట్లు అక్కడే పడేసి వెళ్లిపోయాడు. అప్పుడతను ఈ రెండో అంతస్తు పెట్టె దగ్గరే ఉన్నాడు. సిమెంటు పడకుండా పైపు మూతుల్లో బస్తా కాగితం కుక్కి ఉంది. పని అయ్యాక ఆ కాగితం తీసి తాడు వేయాలి, అది అతని అలవాటు. మూడు రోజులు రాలేదు. వచ్చేసరికి తాపీ మేస్త్రి పెట్టె మీదుగానే గోడ పూసేశాడు. తవ్వి తీయొచ్చు. తీయలేదు. "ఖాళీ పైపేగా, ఎవడికి కావాలి" అని పంతంకొద్దీ వదిలేశాడు. జీవితంలో అతను తాడు వేయకుండా వదిలిన పైపు అదొక్కటే.

"ఏమైందిరా?" అన్నాడు బావ పై మెట్టు నుంచి.

"మూసుకుంది."

"ఎవరు మూశారు? ఆ తాపీవాడేగా! అప్పుడే అనుకున్నా, వాడి పని ఎప్పుడూ అంతే."

తాపీ మేస్త్రి పోయి ఆరేళ్లయింది. అడిగేవాడు లేడు, కాదనేవాడు లేడు. అల్లుడు తల ఊపుతున్నాడు. అక్క అప్పుడే ఆ మేస్త్రిని తిట్టడానికి నోరు తెరిచింది. ఒక్క "ఊఁ" అంటే చాలు, ఈ ఉదయం సంపాదించిన గొప్ప అంతా గొప్పగానే ఉంటుంది. కింది మెట్టు మీద మేనకోడలు ఆశగా తన మొహంలోకే చూస్తోంది.

ఈ పిల్లే ఒకప్పుడు, పన్నెండేళ్లప్పుడు, మామయ్య కొత్తగా కెమెరాల తీగల పని నేర్చుకుంటూ రంగుల వరస గుర్తుండక తంటాలు పడుతుంటే, అతని పనిముట్ల పెట్టె మూతకి లోపల గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసిచ్చింది. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం... అని. ఆ మూత ఇప్పటికీ అతని పుస్తకం. అది రాసిచ్చిన పిల్లకి ఎదురుగా నిలబడి చచ్చినవాడి మీద అబద్ధం చెప్పడం అతని వల్ల కాలేదు.

"మేస్త్రి కాదు. నేనే. కాగితం కుక్కి, తీయకుండా వదిలేశాను. కోపంతో."

"నువ్వా?" అన్నాడు బావ. "ఎవరి మీద?"

"నీ మీద. ఎనిమిదో క్లాసుకే అరిగిపోయిన బుర్ర, నా ఇంటికి భవిష్యత్తు చెబుతోంది అన్నావు. ఇదిగో, ఈ గుమ్మం దగ్గరే. పదకొండు మంది ఉన్నారు."

"నేనన్నానా?"

"కొట్టిన చెయ్యి మరిచిపోతుంది బావా, చెంప మరిచిపోదు."

బావ పలకల వైపు చూశాడు, బామ్మర్ది వైపు చూశాడు. చివరికి చాలా నెమ్మదిగా అన్నాడు.

"అంటే పద్దెనిమిదేళ్లుగా నేను ఖాళీ పైపు ఖాళీ పైపు అని ఊరంతా చాటుతుంటే, అది ఖాళీ కూడా కాదన్నమాట."

మేనకోడలు కిసుక్కున నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. దాన్ని చూసి అక్క, అక్కని చూసి అల్లుడు, ఆఖరికి వైర్‌మన్ కూడా నవ్వాడు.

"నవ్వింది చాలు" అన్నాడు బావే. "ఇప్పుడెలా?"

"నీ పలక పగలాలి."

ఆ పలకల కోసం బావ మూడు షాపులు తిరిగాడు. ఆ రకం ఇప్పుడు దొరకదు కూడా. బావ కూతురి వైపు ఒకసారి చూసి, "ఎక్కడో ఖాయంగా చెప్పు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు గోడంతా తవ్వితే నిన్నే అందులో పెట్టి పూడుస్తా" అన్నాడు.

వైర్‌మన్ గుమ్మం చౌకట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. అతను బిగించే పెట్టె ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది, చౌకట్టు నుంచి జానెడు, నేల నుంచి తన మోచెయ్యి ఎత్తు. టేపు కొలతలు కాగితం మీద రాసుకునే అలవాటు లేని రోజుల్లో ఒంటినే టేపు చేసుకున్నాడు. జాన వేశాడు. మోచెయ్యి మడిచాడు. తర్వాత వేసిన నేల పలకల మందం రెండంగుళాలు కిందికి తగ్గించాడు.

"పద్దెనిమిదేళ్లలో నువ్వు కాస్త కుంగావేమో?" అన్నాడు బావ.

"నడుం వంగింది బావా, మోచెయ్యి వంగలేదు."

స్క్రూడ్రైవరు పిడితో పలక మీద కొట్టాడు. టక్. పక్కన, టక్. ఇంకాస్త పక్కన, టొక్కు. మేనకోడలు కూడా వచ్చి చెవి ఆనించింది. "ఇక్కడ గొంతు మారింది మామయ్యా!"

వైర్‌మన్ సుత్తీ ఉలీ తీశాడు. బావ ఒక్క అరుపు అరిచాడు.

"ఆపు! నువ్వు సుత్తి వేస్తే చుట్టూ పది రాలతాయి. తప్పుకో."

కిందికి దిగి కటింగు మిషను తెచ్చుకున్నాడు. ఇనుము కోసే చక్రం తీసి రాయి కోసే చక్రం బిగించాడు. పెన్సిలుతో చదరం గీసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కోశాడు. దుమ్ము మెట్లంతా కమ్మింది. దుమ్ము దిగాక చూస్తే నాలుగు మూలలూ గీత గీసినట్టున్నాయి, పక్క పలకకి వెంట్రుకంత బీట లేదు. వైర్‌మన్ ముప్ఫయ్యేళ్లలో ఎన్నో చేతులు చూశాడు. ఇలాంటి చెయ్యి ఎదురుపడితే మాట్లాడకుండా ఉండటం పాపం.

"చెయ్యి చెయ్యే బావా."

"మరి!" అన్నాడు బావ మీసం మీద దుమ్ము దులుపుకుంటూ.

సిమెంటు గీకితే ఇనుప పెట్టె అంచు తగిలింది, జానెడు దగ్గర, మోచెయ్యి ఎత్తున. లోపల రెండు మూతుల్లోనూ బస్తా కాగితం కుక్కి ఉంది. పద్దెనిమిదేళ్ల కింద కుక్కినప్పటి ముడతలు అలాగే ఉన్నాయి. వైర్‌మన్ ముక్కు పట్టకారుతో ఒక్కొక్కటీ బయటికి లాగి, ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. అక్క మాత్రం చూసింది.

తర్వాత స్ప్రింగు సర్రున పైకి పోయింది. పైగదిలో మేనకోడలు కేక, "వచ్చేసింది! కొస నా చేతిలో ఉంది!"

నీలం తొడుగు తీగ కింద బావ వదులుతున్నాడు, మధ్యలో అల్లుడు సర్దుతున్నాడు, పైన పిల్ల లాగుతోంది. "నెమ్మది, నెమ్మది, ఇది బావిలో చేద కాదు" అంటూ వైర్‌మన్ నాలుగు అంతస్తుల మధ్యా తిరుగుతున్నాడు. ప్రతి అంతస్తుకీ షాపులోని మోడెం నుంచి ఒక తీగ, మొత్తం మూడు. తీగలతోపాటు ఒక నైలాన్ తాడు కూడా కట్టాడు. అది దేనికని బావ అడగలేదు. తాడు కొస చేతికి తీసుకుని, "పొడుగు సరిపోతుందా? నా దగ్గర ఇంకో చుట్ట ఉంది" అని మాత్రం అన్నాడు.

కొసలు కట్టే పని వైర్‌మన్ పైగదిలో నేల మీద కూర్చుని చేశాడు. పనిముట్ల పెట్టె మూత తెరిచి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. ఎనిమిది సన్న పోగులు, పన్నెండేళ్ల పిల్ల రాత. వరస పెట్టి, సమంగా కత్తిరించి, గాజులాంటి ప్లగ్గు మూతిలోకి తోసి నొక్కాడు. పరీక్ష చేసే చిన్న డబ్బీ తగిలించాడు. కింద బావ దగ్గర దాని జత ముక్క ఉంది. "చదువు బావా!" అని మెట్లలోకి అరిచాడు.

"ఒకటి వెలిగింది! రెండు! మూడు... నాలుగు..." ఇనుప గేట్ల బేరాలు తప్ప లెక్క తెలియని గొంతు మెట్లన్నీ ఎక్కి వచ్చింది. "ఏడు! ఎనిమిది! ఒరేయ్, ఎనిమిదీ వెలిగాయి!"

ఇక తెల్ల పెట్టెలు. తీగ గుచ్చినంత మాత్రాన అవి మాట వినవు. ఇకమీదట గాల్లో వెతుక్కోవద్దు, తీగ మీదే బతుకు అని వాటికి చెప్పాలి. అది చెప్పే భాష తెర మీద ఇంగ్లీషులో ఉంది. వైర్‌మన్ పక్కకి జరిగాడు. "ఇది మీ రాజ్యం అల్లుడు గారూ." అల్లుడు పది నిమిషాల్లో మూడు పెట్టెలనీ, రెండు పాతవి, ఒకటి వైర్‌మన్ సంచీలో తెచ్చింది, దారికి తెచ్చాడు. ఏ అంతస్తుకెళ్లినా పేరొకటే, ఫోను దానంతటదే మారుతుంది అన్నాడు. పని ముగిశాక చేతులు దులుపుకుంటూ, "నేను పెట్టెలు కొన్నాను మావయ్య గారూ, మీరు దారి వేశారు" అన్నాడు. చిన్న అనే ముక్క ఆ మాటలో లేదు. వైర్‌మన్ దాన్ని గమనించాడు. అలాంటివి అతను ఎప్పుడూ గమనిస్తాడు.

సోమవారం వైర్‌మన్‌కి వేరే చోట పనుంది. అయినా తొమ్మిదిన్నరకే ఇనుపకొంపకి వచ్చాడు, రెండో అంతస్తు పెట్టెకి ప్లేటు వదులుగా ఉందని వంక పెట్టి. ప్లేటు బిగుతుగానే ఉంది. అక్క టీవీ కట్టేసింది. పదికి ఐదు నిమిషాలు ఉండగా షాపులో గ్రైండింగు మిషను ఆగిపోయింది. ఆ వీధిలో పనిరోజు ఆ మిషను ఆగడం ఎవరూ ఎరుగరు. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "అంతా క్షేమమేనా?" అని అడిగాడట.

వైర్‌మన్ మెట్ల మలుపులో, కోసిన పలక పక్కన నిలబడ్డాడు. పై ఇనుప తలుపు మూసే ఉంది. దాని అవతల మేనకోడలి గొంతు వినపడుతోంది. మూడింట ఒకటికి నాలుగింట ఒకటి ఎలా కలపాలో చెబుతోంది. ఇద్దరికీ ఒకే అడుగు ఉండాలి, లేకపోతే కలవరు అంటోంది. పిల్లలు అడుగుతున్నారు, చెబుతోంది, ఎవరో నవ్వారు, ఆమే నవ్వింది. ఆమె ఒక క్షణం ఆగినప్పుడల్లా అతని చెయ్యి ప్లేటు మీదికి పోయింది. ఆగింది నెట్ కాదు, ఆమే, ఊపిరి తీసుకోవడానికి. పదకొండు దాటింది. పావు దాటింది.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఒక్కసారి కూడా ఆగలేదు మామయ్యా! ఒక్కసారి కూడా! ఆవిడ వారమంతా చూడక్కర్లేదంది. చివర్లో ఒకటే అడిగింది, మీ ఇంట్లో నెట్ ఏ కంపెనీది, ఇంత బాగా వస్తోందని."

"ఏమన్నావు?"

"మా మామయ్యది అన్నాను."

వైర్‌మన్ జేబులో చెయ్యి పెట్టాడు. నిన్నటి కాగితం ముక్కలు చేతికి తగిలాయి. వాటిని అక్కడే ఉండనిచ్చి మెట్లు దిగాడు. పిల్ల వెనకాలే దిగుతూ మళ్లీ మొదటి నుంచి చెబుతోంది.

కింద షాపులో ఎవరో గేటు బేరానికి వచ్చి కూర్చున్నాడు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నాడట, రెండంతస్తులు. బావ కొలతలు రాసుకోవడం మానేసి ఆయన్ని అడుగుతున్నాడు.

"పైపులు వేశారా?"

"వేస్తున్నారండీ, ఈ వారమే."

"కింది నుంచి పైకి ఒక ఖాళీ పైపు వేయించండి."

"దేనికండీ?"

బావ పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. మెట్ల దగ్గర నిలబడ్డ బామ్మర్దిని చూశాడో లేదో గానీ, గొంతు మాత్రం అవసరానికి మించి పెద్దది చేశాడు.

"తెలియదు. అది తెలియకుండా వేసేవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. కావాలంటే ఫోను నెంబరిస్తాను."